తెగే తాడుకు ఇరవై మార్కులు

ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నేను చాలామందికి సున్నాలు వేశాను. అందులో ఒక సున్నా నిజానికి నాకు రావలసిందని తేలిన రోజు గురించి చెబుతాను. మీలో కొత్తగా పాఠాలు చెప్పడం మొదలుపెట్టినవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త శ్రద్ధగా వినండి. 

సికింద్రాబాద్ కంటోన్మెంటులోని ఒక సైనిక కాలేజీలో నేను సివిలియన్ లెక్చరర్‌ని. అప్పటికే సైన్యంలో చేరిన కుర్ర ఆఫీసర్లు మూడేళ్ళు అక్కడ ఉండి, ఇంజనీరింగ్ డిగ్రీ తీసుకుని మళ్ళీ తమ యూనిట్లకు వెళ్ళేవారు. వాళ్ళకు నేను మెకానిక్స్ చెప్పేదాన్ని. మా నాన్నగారు గుంటూరులో మిషన్ స్కూలు లెక్కల మాస్టారు. ఆయన దగ్గర నేర్చుకున్న లెక్కలూ, ఆయన దగ్గర నేర్చుకున్న కోపమూ పట్టుకుని, పెళ్ళయ్యాక మెట్టుగూడ వచ్చాను. మా వారు రైల్వే ఆఫీసులో గుమాస్తా. నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. ఉద్యోగం ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది.

నేను గదిలోకి అడుగుపెట్టగానే నలభైమంది ఆఫీసర్లు ఒక్కసారిగా లేచి నిలబడేవారు. మొదటి నెల రోజులూ నాకు కాళ్ళు నేలమీద ఆనలేదు.

ఆ సంతోషం కాలేజీ వార్షికోత్సవం దాకానే ఉంది. ఆ రోజు టీ దగ్గర నా వెనక ఇద్దరు మేజర్లు మాట్లాడుకుంటున్నారు. ఒకాయన బయట సివిల్ కాలేజీలో చదివి, డిగ్రీతోనే సైన్యంలోకి వచ్చినవాడు.

“నాది బయటి డిగ్రీ” అన్నాడాయన, ‘బయటి’ అన్న మాట ఒత్తి పలుకుతూ. “ఇక్కడేముంది? నెలనెలా రేషన్ ఇచ్చినట్టే మూడేళ్ళకు డిగ్రీ ఇస్తారు. ఎవడైనా తప్పాడని ఎప్పుడైనా విన్నావా?”

రెండో ఆయన పదాతిదళం మనిషి. “మాకు మీ డిగ్రీ అయినా ఒకటే, వాళ్ళ డిగ్రీ అయినా ఒకటే. బండి పాడైతే బాగుచేసేవాడు కావాలి. అంతే” అని నవ్వాడు.

తరవాత గమనిస్తే ఆ మాట ఆ ఇద్దరిదే కాదు. మెస్సులోనూ అదే, క్లబ్బులోనూ అదే. బయటి డిగ్రీవాళ్ళు మా డిగ్రీవాళ్ళను చిన్నచూపు చూసేవారు. అసలు డిగ్రీ లేకుండానే పైకి వచ్చిన పాతతరం వాళ్ళు ఇద్దరినీ కలిపి చిన్నచూపు చూసేవారు. మా కమాండెంట్ ఆ పాతతరం మనిషే. వర్క్‌షాపు నేలమీద మోకాళ్ళు అరగదీసుకుని పని నేర్చుకున్నవాడు. “డిగ్రీ గోడకు తగిలించుకోవడానికి బాగుంటుంది” అనేవారు, ఏ మొహమాటమూ లేకుండా.

నాకు రోషం వచ్చింది. ఈసారి నా పేపరు దయ లేకుండా పెడతాను, దయ లేకుండా దిద్దుతాను, ఈ డిగ్రీ రేషన్ కాదని చూపిస్తాను అనుకున్నాను.

మా విద్యార్థుల దగ్గర సీనియర్ల నుంచి చేతులు మారుతూ వచ్చే ఒక నోట్సు కట్ట ఉండేది. పాత ప్రశ్నలన్నీ జవాబులతో సహా అందులో ఉండేవి. దాన్ని దెబ్బకొట్టాలని పాత ప్రశ్నల్లో అంకెలు మార్చాను. ఒక ప్రశ్న ఇది: వాగులో దిగబడిన బండి, ముప్పై డిగ్రీల వాలు, ఇనుప తాడుతో ఒడ్డుమీది ఇంత శక్తిగల యంత్రం బండిని ఇంత దూరం పైకి లాగాలి. ఎంతసేపు పడుతుంది? తాడు ఐదు టన్నుల వరకు తట్టుకుంటుంది. పాత ప్రశ్నలో బండి బరువు ఎనిమిది టన్నులు. నేను పన్నెండు చేశాను. ఇరవై మార్కులు.

జవాబులు దిద్దితే ముప్పైతొమ్మిదిమంది సమయం లెక్కకట్టారు. ఒకరిద్దరు అంకెలు తడబడ్డారుగానీ దారి సరైనదే. ఒక్కడు మాత్రం మూడు వాక్యాలు రాసి వదిలేశాడు. “ఈ పని చేయకూడదు. తాడు తెగుతుంది. ముందు మనుషుల్ని దూరంగా పంపాలి.” అంకె లేదు, సూత్రం లేదు. నేను ఎర్రసిరాతో పెద్ద సున్నా చుట్టి, పక్కన ఇలా రాశాను: “అడిగింది సలహా కాదు, సమాధానం.”

ఆ వ్యంగ్యానికి నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

ఆ ఒక్కడు ఒక కెప్టెన్. సిద్దిపేట దగ్గర పల్లె. సిపాయిగా చేరి, పరీక్షలు రాసి ఆఫీసరయ్యాడు. తక్కినవాళ్ళు ఇరవైనాలుగు, ఇరవైఐదేళ్ళ కుర్రాళ్ళు. ఈయనకు ముప్పై అయిదు, చెవుల దగ్గర నెరుపు. వెనక బెంచీలో కూర్చుని, నేను బోర్డు మీద రాసినదంతా పెదవులు కదుపుతూ నోట్సులోకి ఎక్కించుకునేవాడు. లెక్కల్లో నిజంగానే వెనకబడి ఉండేవాడు, అందులో దాపరికం లేదు. మొత్తం నూటికి ముప్పై ఒకటి వచ్చాయి. నలభై వస్తేనే పాసు. తప్పినవాళ్ళను శుక్రవారం పై అధికారుల బోర్డు ముందు నిలబెట్టి, డిగ్రీ లేకుండా యూనిట్‌కు పంపేస్తారు. ఆ ఏడు తప్పింది ఆయన ఒక్కడే.

నాకు జాలి వేసింది. అంతకంటే ఎక్కువగా, మా దగ్గర కూడా తప్పుతారని ఆ మేజర్‌కు తెలుస్తుందని గర్వం వేసింది. నిజం చెప్పాలి కదా.

గురువారం సాయంత్రం దర్జీ దగ్గర బట్టలు తెచ్చుకోవడానికి రెజిమెంటల్ బజార్ వెళ్ళాను. పక్క కొట్టు ముందు కెప్టెన్, ఆయన భార్య సామాను సర్దుకోవడానికి ఇనుప ట్రంకు పెట్టె బేరమాడుతున్నారు. ఆయన నన్ను చూసి అటెన్షన్‌లో నిలబడ్డాడు.

“నమస్తే మేడమ్.”

ఆమె మాత్రం నిలబడిన చోటినుంచే నన్ను కిందినుంచి మీదికి చూసింది. “మీరేనా అక్కా లెక్కల మేడమ్? మూడేండ్ల సంది సక్కగ నిద్రపోలే మా ఆయన. గా ఒక్క సవాలుకు సున్నా ఏస్తరా? జెర సగమన్నా ఎయ్యరాదా?”

“ఊకో నువ్వు” అన్నాడాయన. “తప్పు నాదే మేడమ్. టైం ఎంత అని అడిగిండ్రు. నేను టైం రాయలే.”

“ఎందుకు రాయలేదు?” అని అడిగాను. దిద్దే ముందు అడగవలసిన ప్రశ్న అది.

“ఎట్ల రాస్తా మేడమ్? ఆ బండి ఒడ్డుకు రాదు. పన్నెండు టన్నుల బండిని గా వాలు మీద గుంజాలంటె ఆరు టన్నుల జోరు గావాలె. తాడు అయిదుకే ఖతం.”

“ఆ మాట లెక్కగా రాయొచ్చు కదా?”

“రాయాలె. గని మేడమ్, గా సవాలు సదవంగనే నాకు చెయ్యి ఆడలే. సిపాయిగ ఉన్నప్పుడు గిట్లనే ఒక బండిని గుంజినం. మా ఊరి దిక్కు పోరగాడు నా పక్కన్నే నిలబడ్డడు. తాడు తెగిన సప్పుడు నాకు ఇనబడేసరికే వాడు లేడు. గందుకే మనుషుల్ని పక్కకు పంపుమని ముందు రాసిన. తర్వాత ఇగ ఏం రాయబుద్ధి కాలే.”

“మరి అర్జీ ఎందుకు పెట్టలేదు?”

“పెడితే ఏమంటరు మేడమ్? సిపాయి నుంచి వచ్చినోడు, లెక్క రాక బహానాలు చెప్తుండు అంటరు. మీరు పరేషాన్ గాకుండ్రి. నా నసీబ్.”

బస్సెక్కాను. దర్జీ ఇచ్చిన చీటీ వెనక లెక్క వేశాను. అదేమంత లెక్క? ముప్పై డిగ్రీల వాలు మీద బరువులో సగం లాగాలి. ఎనిమిదిలో సగం నాలుగు, తాడు ఆగుతుంది. పన్నెండులో సగం ఆరు, తాడు ఆగదు. బండి బరువు మార్చిన నేను తాడు బలం మార్చడం మరిచిపోయాను! స్కూలు పిల్ల చూసేది నేను చూడలేదు. నా ముప్పైతొమ్మిదిమంది చూడలేదు. నేను ఎర్రసిరాతో వెక్కిరించినవాడు చూశాడు. మెట్టుగూడ దాటిపోయి రెండు స్టాపుల తరవాత దిగాను.

మా వారికి చెప్పాను. ఆయన అంతా విని, “రేపు చెబితే నీ ప్రొబేషన్ ఏమవుతుంది?” అన్నారు.

“పోవచ్చు.”

“చెప్పకపోతే?”

“ఆ కెప్టెన్ పోతాడు.”

ఆయన లేచి కంచాలు పెట్టారు. “అన్నం తిను. పొద్దున నేనే స్కూటర్ మీద దింపుతాను. బస్సు కోసం నిలబడ్డావంటే మనసు మార్చుకుంటావు.”

మర్నాడు ఎనిమిది గంటలకే మా విభాగాధిపతి గదిలో ఉన్నాను. ఆయన కల్నల్, పంజాబు మనిషి, నాతో ఇంగ్లీషులోనే మాట్లాడేవారు. మంచివారే. నా చీటీ చూసి, తలుపు వేసి, నెమ్మదిగా అన్నారు:

“దీనికింత కంగారెందుకు? ఆయనకు ఇరవై మార్కులు కలపండి. యాభై ఒకటి అవుతాయి. పాసు. బోర్డు ఉండదు. మీకూ మాటరాదు.”

ఎంత తేలిక! చేతిలో పెన్ను ఉంది, ఎదురుగా జవాబుపత్రం ఉంది. పెన్ను మూత తీశాను కూడా. అప్పుడు మిగతా ముప్పైతొమ్మిది పత్రాలు గుర్తొచ్చాయి. తెగే తాడుతో బండిని ఒడ్డుకు చేర్చినందుకు వాళ్ళందరికీ నేను మార్కులు ఇచ్చాను. రేపు వాళ్ళు నిజమైన వాగు ఒడ్డున నిజమైన సిపాయిలతో ఉంటారు.

“సర్, ఆయనకు మార్కులు కలపడం కాదు. వాళ్ళకు తీసెయ్యాలి” అన్నాను.

కల్నల్ తల పట్టుకున్నారు. “బయట ఏమంటారో తెలుసా? అక్కడ డిగ్రీలే కాదు, ప్రశ్నలు కూడా తప్పేనంటారు!”

“అంటారు సర్.”

పదింటికి బోర్డు. మధ్యలో కమాండెంట్, పక్కన కల్నల్, ఎదురుగా నిటారుగా కెప్టెన్. నన్నెవరూ అడగకముందే లేచి, గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. ప్రశ్న తప్పు. తప్పు నాది. ఆయన రాసిందే సరైన జవాబు. నేను రాసిన వ్యంగ్యం కూడా చదివి వినిపించాను, అది దాచుకుంటే సగమే చెప్పినట్టవుతుందని.

కమాండెంట్ నా వైపు చూడలేదు, కెప్టెన్‌ను చూశారు.

“తెగుతుందంటావా?”

“తెగుతుంది సర్.”

“కాగితం మీదా, నిజంగానా?”

“నిజంగానే సర్.”

ఆ పెద్దాయన కుర్చీ వెనక్కి నెట్టి లేచారు. “మన యార్డులో వాలు ఉంది. బండి ఉంది. రెండున్నరకు క్లాసునంతా అక్కడికి రమ్మనండి!”

ఇక చూడండి సందడి! మధ్యాహ్నానికి వర్క్‌షాపు వెనక యార్డు తిరునాళ్ళలా ఉంది. మట్టి వాలు మీద రద్దయిన ట్రక్కు, మొత్తం బరువు పన్నెండు టన్నులయ్యేదాకా అందులో ఇసుక బస్తాలు. ఐదు టన్నులకు మించి వాడరాదని చీటీ కట్టి పక్కన పడేసిన పాత ఇనుప తాడు. తాడు మీద ఎంత జోరు పడుతోందో చూపించడానికి పళ్ళెమంత గుండ్రటి మీటరు, దాంట్లో ఎర్ర ముల్లు. లాగే యంత్రం దగ్గర మందపాటి ఇనుప జాలీ వెనక ఒక్క హవల్దారు. మిగతా అందరం దూరంగా ఇసుక బస్తాల గోడ వెనక ఉన్నాం. మీటరును చూడటానికి కల్నల్ బైనాక్యులర్స్ తెచ్చుకుని, ముల్లు కదలికను పైకి చెబుతున్నారు.

ఏర్పాటంతా కెప్టెన్‌దే. క్లాసులో తలవంచుకుని కూర్చునే మనిషేనా అనిపించింది. చకచకా నడుస్తున్నాడు, ఆజ్ఞలిస్తున్నాడు, ప్రతి ముడీ తనే తడిమి చూస్తున్నాడు. చివరికి మా క్లాసు హాకీ జట్టు నాయకుణ్ణి పిలిచాడు. అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చిన లెఫ్టినెంటు అతను.

“ఈ పని నీది అయితే నువ్వు ఎక్కడ నిలబడతావు?”

“యంత్రం పక్కన, సిగ్నల్ ఇస్తూ” అన్నాడతను.

కెప్టెన్ సరిగ్గా అక్కడ గడ్డి కుక్కిన పాత యూనిఫారం బొమ్మను నిలబెట్టాడు. బొమ్మ తలకు టోపీ కూడా పెట్టాడు.

యంత్రం మొదలైంది. తాడు నేలమీంచి లేచి బిగిసింది.

“రెండు” అన్నారు కల్నల్. “మూడు... నాలుగు...”

నేను ఇసుక బస్తా అంచును రెండు చేతులా పట్టుకున్నాను.

“ఐదు.”

తెగలేదు. ముల్లు ఐదు దాటింది. తాడు కిర్రుమంటోంది. ట్రక్కు ఊగింది, తరవాత జానెడు పైకి కదిలింది! కుర్రాళ్ళంతా ఒక్కసారిగా కేకవేశారు. హాకీ లెఫ్టినెంటు గాల్లోకి చేయి విసిరాడు. కెప్టెన్ కూడా తప్పయితే? నేను కెప్టెన్ వైపు చూశాను. ఆయన ట్రక్కును చూడటం లేదు. తాడునే చూస్తున్నాడు.

“తలలు దించండి!” అని అరిచాడు.

తుపాకీ పేలినట్టు చప్పుడు. ఏదో వెలుగుగీత గాల్లో గిర్రున తిరిగింది. ట్రక్కు దడదడమని వాలు కిందికి జారి అడ్డుదుంగలకు కొట్టుకుని ఆగింది. దుమ్ము. తరవాత, ఆ దుమ్ములోంచి నెమ్మదిగా గడ్డిపరకలు రాలుతున్నాయి.

మేం లేచి చూసేసరికి బొమ్మకు నడుము కింది భాగమే నిలబడి ఉంది. టోపీ గోడకు అవతల పడింది.

కమాండెంట్ గోడ దాటి వెళ్ళి, ఆ టోపీ తీసుకుని, దుమ్ము దులిపి, క్లాసు ముందుకు వచ్చారు.

“ఈ ప్రశ్నకు ఎంతమందికి మార్కులు వచ్చాయి? చేతులెత్తండి.”

ఒకటి, రెండు, పది. బరువుగా, ఒక్కొక్కటిగా ముప్పైతొమ్మిది చేతులు లేచాయి. నేను కూడా ఎత్తాను. ఆయన నన్ను చూసి కనుబొమలెత్తారు.

“ప్రశ్న రాసింది నేనే సర్. వీళ్ళకు మార్కులు వేసిందీ నేనే” అన్నాను. “అందరికీ మళ్ళీ పరీక్ష పెట్టనివ్వండి.”

ఆయన కెప్టెన్ వైపు తిరిగారు. “నీకు ఇరవై మార్కులు ఇవ్వమని చెప్పేస్తాను. నువ్వు రాయనక్కర్లేదు.”

“అందరితో కలిసి రాస్తాను సర్” అన్నాడు కెప్టెన్. “లెక్కగా రాయలేదు నేను. అది నా తప్పే.”

తరవాత సంగతులు ముందే చెప్పేస్తాను. నాకు మెమో వచ్చింది, ప్రొబేషన్ ఇంకో ఏడాది పొడిగించారు. ఉద్యోగం మాత్రం నిలబడింది. మళ్ళీ పెట్టిన పరీక్షలో ఇద్దరు తప్పారు. కెప్టెన్ నలభై ఆరుతో గట్టెక్కాడు. ఫలితాలు వచ్చిన రోజు ఆయన భార్య మా ఇంటికి వచ్చి, “ఆరోజు జెర గట్టిగ మాట్లాడిన అక్కా, ఏమనుకోకుండ్రి” అంది. “మీరు మాట్లాడకపోతే నాకు తెలిసేదే కాదు” అన్నాను. ఆ ట్రంకు పెట్టె కొనలేదట.

బయటి డిగ్రీ మేజర్ ఒకరోజు నా గదికి వచ్చాడు. ఆ ప్రశ్న ఒక ప్రతి కావాలన్నాడు. నవ్వుకోవడానికి కాబోలనుకుని బిగుసుకునే ఇచ్చాను. వారం తరవాత మళ్ళీ వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు.

“మెస్సులో ఆరుగురం బయటి డిగ్రీవాళ్ళం కూర్చుని చేశాం మేడమ్. అయిదుగురు టైం లెక్కకట్టారు.” కొంచెం ఆగి, “నాతో కలిపి” అన్నాడు. మేమిద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. కమాండెంట్ మాత్రం డిగ్రీల గురించి తన అభిప్రాయం మార్చుకోలేదు. ఆ మనిషిని మార్చే డిగ్రీ ఇంకా పుట్టలేదు.

కానీ నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఆ రెండో పరీక్ష ఉదయం. పదిరోజుల తరవాత, అదే హాలు, అదే నలభైమంది. ప్రశ్నపత్రాలు పంచి గంట కొట్టించాను. ఒక్క పెన్నూ కదల్లేదు. అయిదు నిమిషాలు గడిచాయి. ఎవరూ రాయడం లేదు. నాకు భయం వేసింది. నామీద కోపంతో ఖాళీ కాగితాలు ఇచ్చేస్తారా?

అప్పుడు హాకీ లెఫ్టినెంటు చేయెత్తాడు.

“మేడమ్, మూడో ప్రశ్నలో ఇచ్చిన బోల్టు ఆ బరువు మోస్తుందో లేదో ముందు చూసుకోవచ్చా?”

“చూసుకోండి” అన్నాను.

అతను చిత్తుకాగితం మీద లెక్క వేశాడు. హాలంతా అతని వైపే చూస్తోంది. వెనక బెంచీలో కెప్టెన్ మెడ చాచి చూస్తున్నాడు. నా ప్రశ్న సరిగా ఉందో లేదో నాకే నమ్మకం పోయింది.

“మోస్తుంది మేడమ్” అన్నాడు.

అప్పుడు నలభై పెన్నులూ ఒక్కసారిగా కదిలాయి. నేను కుర్చీలో కూర్చోలేకపోయాను. ఆ మూడు గంటలూ నిలబడే ఉన్నాను.